మావయ్య డబ్బా, 143 నాణేలు: విలువ తేల్చే పని డైరీ

మొదటి రోజు

మావయ్య సరుకు ఓడల్లో వంటవాడు. 1974లో ఎక్కి 2010లో దిగాడు. ప్రతి రేవులోనూ చివరికి చేతిలో మిగిలిన చిల్లరని ఓ రేకు డబ్బాలో పడేసేవాడట. ఇప్పుడా డబ్బా నా బల్ల మీద ఉంది. "అమ్మాయ్, ఇందులో ఏదైనా నాలుగు రాళ్ళు తెచ్చేది ఉంటే చూడు. లేకపోతే పిల్లలకి ఆడుకోడానికి ఇచ్చెయ్" అన్నాడు. అంతే, పని నా నెత్తిన పడింది.

డబ్బా బోర్లించి లెక్కపెడితే 143. గుండ్రనివి, ఏడు మూలలవి, మధ్యలో కన్నం ఉన్నవి, ముట్టుకుంటే చేతికి నలుపు అంటుకునేవి. నాకు నాణేల గురించి తెలిసింది బొమ్మ, బొరుసు వరకే. అందుకే డైరీ రాస్తున్నా. ఎక్కడ తప్పు చేశానో తర్వాత వెతుక్కోవచ్చు.

మొదటి తప్పు ఇవాళే చేశాను, రాసి పారేస్తాను. అన్నిటికంటే ముందు చేతికొచ్చింది 1862 తేదీ ఉన్న విక్టోరియా రాణి వెండి రూపాయి. నల్లగా ఉంది. ఇంట్లో వెండి సామాను తోమే పేస్టు రాసి, గుడ్డతో రెండు నిమిషాలు రుద్దాను. తళతళలాడింది. ముచ్చటపడి ఫోటో కూడా తీశాను. రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, నాణేలు సేకరించేవాళ్ళు మొట్టమొదట అసహ్యించుకునేది ఆ తళతళనే అని. వెండి మీద ఏళ్ళ తరబడి పట్టిన ఛాయ పైపొరలో భాగం. పేస్టు దాంతోపాటు కొంచెం లోహాన్ని కూడా గీకేస్తుంది. భూతద్దంలో చూస్తే రాణిగారి బుగ్గ మీద ఒకే వైపు సాగిన వెంట్రుకవాసి గీతలు వందల్లో కనపడ్డాయి. అవి మళ్ళీ పోవు. నూట ఏభై ఏళ్ళు ఎన్ని చేతులు మారినా తట్టుకున్న నాణేన్ని రెండు నిమిషాల్లో నేను పాడు చేశాను.

రెండో రోజు

సరంజామా సమకూర్చుకున్నాను. గ్రాములో నూరో వంతు చూపించే జేబు త్రాసు, వ్యాసం కొలిచే కాలిపర్, పదింతలు పెద్దగా చూపించే భూతద్దం, ఒక అయస్కాంతం, నూలు చేతితొడుగులు. తొడుగులు సాయంత్రానికే తీసేశాను. జారుతున్నాయి, కింద పడితే అంచు నొక్కుకుపోతుంది. చేతులు కడుక్కుని, నాణేన్ని అంచు దగ్గర మాత్రమే పట్టుకోవడం మేలు.

మూడో రోజు

అన్నిటినీ కంప్యూటర్లో పట్టికగా ఎక్కించడం మొదలుపెట్టాను. గడులు ఇవి: వరుస సంఖ్య, దేశం, ముఖవిలువ, తేదీ, బరువు, వ్యాసం, అయస్కాంతం, అంచు, వ్యాఖ్య. ఇదంతా చాదస్తంలా కనిపిస్తుంది. కానీ ఒక నాణెం విలువ కనుక్కోవాలంటే అసలు అది ఏ నాణెమో ముందు తేలాలి. దేశం, విలువ, తేదీ, లోహం, బరువు దొరికితే కేటలాగులో దాని సంఖ్య దొరుకుతుంది. ప్రపంచ నాణేలకి ఎక్కువగా వాడేది కేఎమ్ సంఖ్య. క్రౌజ్, మిష్లర్ అనే ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలవి. సంఖ్య తెలిశాక వెతుకులాట సులువు. తెలియకముందు "పాత నాణెం, రాణి బొమ్మ" అని వెతికితే దొరికేవన్నీ కోట్ల కబుర్లే.

అయస్కాంతానికి 38 అతుక్కున్నాయి. ఇవి చాలావరకు ఉక్కువి, పై పూత ఏదైనా సరే. ఇక్కడొక మెలిక ఉంది: అచ్చమైన నికెల్ కూడా అతుక్కుంటుంది. రాగి మూడొంతులు, నికెల్ ఒక వంతు కలిపిన మిశ్రమం మాత్రం అతుక్కోదు. కాబట్టి అతుక్కుందంటే వెండీ బంగారం కాదని తేలుతుంది గానీ, అతుక్కోలేదంటే ఏమీ తేలదు.

ఇవాళ 60 దాకా ఎక్కించాను. కళ్ళు లాగుతున్నాయి. రెండు మూడు నాణేలకి తేదీ గడిలో "తెలీదు" అని పెట్టి ముందుకెళ్ళాను.

ఐదో రోజు

తేదీలతోనే గడిచిపోయింది. నాకున్న అభిప్రాయమల్లా ఒకటే: తేదీ ఎంత పాతదైతే విలువ అంత ఎక్కువ. ఆ లెక్కన చూస్తే డబ్బాలో ఒక నాణెం తేదీ 2525. ఇంకా పుట్టని నాణెమన్నమాట! థాయిలాండ్‌ది. వాళ్ళు బుద్ధుడి శకం రాస్తారు, పైగా వాళ్ళ సొంత అంకెల్లో. 543 తీసేస్తే 1982. మావయ్య కుర్రాడిగా ఉన్నప్పటి చిల్లర.

అరబ్బు దేశాల నాణేల మీద హిజ్రీ సంవత్సరం. అది చాంద్రమానం, మన లెక్కకంటే ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. అందుకని ఊరికే 622 కలిపితే సరిపోదు. ముందు 0.97తో గుణించి తర్వాత కలపాలి. 1356 వస్తే 1937 దగ్గర తేలుతుంది. కన్నం ఉన్న ఇత్తడి నాణెం జపాన్ అయిదు యెన్లది. ఇప్పుడు చలామణీలో ఉన్న జపాన్ నాణేల్లో మనకు తెలిసిన అంకె ఒక్కటి కూడా లేనిది ఇదే, అంతా వాళ్ళ లిపే. నా దగ్గరున్న దాని మీద షోవా చక్రవర్తి 39వ ఏడు అని ఉంది. 1925 కలిపితే 1964. బరువు 3.75 గ్రాములుండాలి, త్రాసు 3.74 చూపించింది. ఇంత ఖచ్చితంగా కలిసేసరికి ఏదో పరీక్ష పాసైనట్టు సంబరపడ్డాను. విలువ మాత్రం అయిదు యెన్లే.

మరి 1862 రూపాయి? నా చేతిలో పాడైనదే. దాని కథ చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ తేదీ వేసిన అచ్చుతోనే 1874 దాకా కొడుతూ పోయారట. అసలు ఏ ఏడు కొట్టారో గుర్తుకి తేదీ దగ్గర చుక్కలు పెట్టేవారట. అంటే 1862 అని రాసుందంటే 1862లో పుట్టిందని కాదు. చుక్కలు లెక్కపెడదామంటే నా పేస్టు ఉతుకుడుకి వాటి ఆకారం సరిగ్గా తేలడం లేదు. ఉన్నవి రెండో, మూడో.

ఆరో రోజు

ఏమీ చేయలేదు. మావయ్య ఫోన్ చేసి "బంగారం ఏమైనా తేలిందా?" అన్నాడు. లేదన్నాను.

ఎనిమిదో రోజు

తేలింది అనుకున్నాను, కాసేపు. ఒక చిన్న పొట్లంలో విడిగా చుట్టిపెట్టిన పసుపుపచ్చని నాణెం. బొమ్మ వైపు మూడో జార్జి రాజు, బొరుసు వైపు ఇస్పేటు ఆకారంలో డాలు, తేదీ 1797. ఇంగ్లండులో అలాంటి బంగారు గినీలు 1787 నుంచి 1799 వరకు నిజంగానే కొట్టారు. గుండె దడదడలాడింది.

త్రాసు మీద పెడితే 3.90 గ్రాములు. అసలు గినీ ఎనిమిది గ్రాముల పైన ఉండాలి, వ్యాసం దాదాపు ఇంతే. అదే సైజు, సగం బరువు! అప్పుడు భూతద్దం తీసి చుట్టూ ఉన్న అక్షరాలు చదివాను. అసలు దాని మీద రాజుగారి బిరుదులన్నీ పొడి అక్షరాల్లో ఉంటాయి. దీని మీద ఏముందో తెలుసా? "ఇన్ మెమరీ ఆఫ్ ది గుడ్ ఓల్డ్ డేస్". ఆ మంచి రోజుల జ్ఞాపకార్థం అని తనే చెప్పుకుంటోంది! విక్టోరియా కాలంలో పేకాటలో పందెం బిళ్ళలుగా వాడటానికి వేలంవెర్రిగా తయారు చేసిన ఇత్తడి తునకలవి. మోసం చేసేవాడు కూడా అంత నిజాయితీగా ఉండడు. మావయ్యకి చెబితే "అది అమ్మినవాడు నాకు ఇంగ్లీషు రాదనుకున్నాడు. నిజంగానే రాదు" అన్నాడు.

ఇక్కడ నేర్చుకున్నది: ముందు చదవాలి, తర్వాత ఆశపడాలి. నేను తూచాక చదివాను, అదీ నయమే.

తొమ్మిదో రోజు, రాత్రి

ఇవాళ్టిది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. నీళ్ళ పరీక్ష.

గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయాలి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుక్కీ పక్కలకీ తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపించేది నాణెం బరువు కాదు, అది పక్కకి నెట్టిన నీటి బరువు. నీరు ఘన సెంటీమీటరుకి ఒక గ్రాము కాబట్టి అదే నాణెం ఘనపరిమాణం. విడిగా తూచిన బరువుని దీంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. అచ్చమైన వెండి 10.49. రాగి 8.96. ఇత్తడి 8.5 దగ్గర. బంగారం 19.3, దాన్ని మోసం చేయడం చాలా కష్టం. రంగు వేయొచ్చు, సైజు సరిపెట్టొచ్చు, ఈ అంకె దగ్గర చాలామంది దొరికిపోతారు.

మొదటి అభ్యర్థి మరియా థెరీసా థేలర్ అనే వెండి నాణెం. ఆస్ట్రియా మహారాణి బొమ్మ, తేదీ 1780. 40 మిల్లీమీటర్ల పెద్ద బిళ్ళ, అంచు మీద ఉబ్బెత్తు అక్షరాలు. బరువు 28.03 గ్రాములు, నీళ్ళలో 2.75. భాగిస్తే 10.19. ఈ నాణెంలో వెండి వెయ్యికి 833 పాళ్ళు ఉండాలి, మిగతాది రాగి. ఆ మిశ్రమానికి లెక్కకట్టి చూస్తే 10.2 వస్తుంది. అసలుదే!

ఎగిరి గంతేసి, 1780 నాటి నాణెమని మావయ్యకి మెసేజ్ కూడా పెట్టేశాను. పెట్టిన పావుగంటకి కేటలాగు తెరిచాను. మరియా థెరీసా 1780లో చనిపోయింది. ఆ ఏటి థేలర్‌ని ఎర్ర సముద్రం చుట్టుపక్కల వర్తకులు ఎంతగా నమ్మారంటే వేరే తేదీ ఉంటే తీసుకునేవారు కారట. అందుకని ఆవిడ పోయాక కూడా అదే తేదీతో, అదే బొమ్మతో కొడుతూనే ఉన్నారు. వియన్నా సరే, రోమ్, లండన్, పారిస్, చివరికి బొంబాయి టంకశాలలో కూడా కొట్టారు. ఇప్పటికీ వియన్నాలో కొడుతున్నారు. నా దగ్గరున్నది ఆవిడ బతికుండగా చూసినదైనా కావచ్చు, మావయ్య ఓడెక్కిన ఏడు తయారైనదైనా కావచ్చు. అక్షరాల తీరు, డేగ ఈకల లెక్క, పతకం చుట్టూ ముత్యాల లెక్క పట్టుకుని ఏ టంకశాలదో తేల్చేవాళ్ళున్నారు. నాది బాగా కొత్తగా, పదునుగా ఉంది. వెండి విలువ ఖాయం. అంతకు మించి ఆశలేదు.

రెండో అభ్యర్థి చైనా డాలరు. అప్పటి అధ్యక్షుడు యువాన్ షికాయ్ లావుపాటి తల, గణతంత్రం మూడో ఏడు, అంటే 1914. ఇది 26.8 గ్రాములు ఉండాలి. త్రాసు 23.61 అంది. నీళ్ళలో 2.79. సాంద్రత 8.46. ఇత్తడి మీద వెండి పూత. దీని గురించి చదివినవాళ్ళెవరూ ఆశ్చర్యపోరు. ప్రపంచంలో ఎక్కువగా నకిలీ చేసే నాణేల్లో ఇదొకటి. వేలి కొన మీద నిలబెట్టి ఇంకో నాణెంతో సుతారంగా తట్టి చూశాను. థేలర్ ఖంగుమని మోగి చాలాసేపు పాడింది. ఇది టక్‌మని ఊరుకుంది.

ఈ పరీక్షకి హద్దు కూడా ఉంది. చిన్న నాణేలకి పనికిరాదు. రెండున్నర గ్రాముల వెండి బిళ్ళ నెట్టే నీరు పావు గ్రాము. నా త్రాసు నూరో వంతు తప్పు చూపినా జవాబు నాలుగు శాతం అటో ఇటో పోతుంది, వెండి ఎన్ని పాళ్ళదో ఇక తేలదు. దారానికి అంటుకున్న గాలి బుడగ కూడా అంతే పని చేస్తుంది. ఒకసారి నా అయిదు యెన్లది 7.9 వచ్చింది, చూస్తే కన్నంలో బుడగ కూర్చుంది.

పదకొండో రోజు

వెండి ఏరడం పూర్తయింది. 143లో 11. ఇందులో నీళ్ళతో పని లేనివే ఎక్కువ, తేదీ చూసి చెప్పొచ్చు. అమెరికా క్వార్టర్లు, అంటే పావు డాలరు నాణేలు, 1964 దాకా తొంభై శాతం వెండి, 6.25 గ్రాములు. 1965 నుంచి రాగి మీద నికెల్ మిశ్రమపు పొర, 5.67 గ్రాములు. అంచు పక్కకి తిప్పి చూస్తే రాగి గీత కనిపిస్తుంది. బ్రిటన్‌వి 1919 వరకు వెయ్యికి 925 పాళ్ళ వెండి, 1920 నుంచి 1946 వరకు సగం, 1947 నుంచి సున్నా. బరువు మారదు, సైజు మారదు. నా దగ్గర 1918 షిల్లింగు ఒకటి, 1921ది ఒకటి. పక్కపక్కన పెడితే కవలలు. మూడేళ్ళ తేడాలో లోపలి వెండి దాదాపు సగం పోయింది. యుద్ధం తర్వాత వెండి ధర పెరిగి, నాణెం ముఖవిలువ కంటే దానిలోని లోహమే ఖరీదైపోయింది మరి.

ఇక్కడ విలువంటే ఏమిటో కొంచెం విడదీసి చూడాల్సి వచ్చింది. ముఖవిలువ ఒకటి, కరిగిస్తే వచ్చేది ఒకటి, ఆ నాణెమే కావాలని వెతికేవాడు ఇచ్చేది మూడోది. ఈ పదకొండింటికీ రెండోది గట్టిగా ఉంది, మూడోది దాదాపు లేదు. లక్షల్లో, కోట్లల్లో కొట్టిన నాణేలు. కావలసినవాడికి ఎప్పుడో దొరికేశాయి.

పన్నెండో రోజు

ఈ డబ్బాలో అన్నిటికంటే ముసలిది ఏదో తెలుసా? చిటికెన వేలి గోరంత ఆకుపచ్చని కంచు బిళ్ళ. 2.41 గ్రాములు. ఒక వైపు తల, ఇంకో వైపు ఇద్దరు సైనికులు, మధ్యలో రెండు జెండా కర్రలు. రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలంలో, 330 తర్వాత కొట్టిన రకం. జెండా కర్రలు రెండుంటే 335కి ముందు, ఒకటే ఉంటే తర్వాత అని గుర్తు.

దాదాపు 1,700 ఏళ్ళు. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఓ నిమిషం మాట్లాడలేకపోయాను. తర్వాత ఇలాంటివి ఎంతకి అమ్ముడయ్యాయో చూశాను. నా అమెరికా వెండి క్వార్టరు కంటే పెద్ద తేడా ఏమీ లేదు! సైన్యానికి జీతాలివ్వడానికి కుప్పలుగా కొట్టారు. కుండల్లో పెట్టి పాతిపెట్టినవాళ్ళు తిరిగి రాలేదు. ఇప్పుడు తవ్వకాల్లో వేలకి వేలు బయటపడుతున్నాయి. పాతదనానికి ధర లేదు. ఎన్ని మిగిలాయి, ఎంతమందికి కావాలి అన్న రెంటి మధ్యే ధర నిలుస్తుంది.

అంచు చుట్టూ పోత గీత ఉందా, పైన బుడగల గుంటలు ఉన్నాయా అని చూశాను. కనపడలేదు. అయినా ఇది నా పదింతల భూతద్దానికి తేలే బేరం కాదు. పురాతన నాణేలు తెలిసినవాళ్ళకి చూపించాలి. ఆకుపచ్చ ఛాయని మాత్రం ముట్టుకోను, ఒట్టు.

పద్నాలుగో రోజు

వింత నాణేల వంతు. "ఎర్రర్" అని జనం ఎగబడేవి, అంటే టంకశాలలో తప్పుగా పుట్టినవి. నా కుప్పలో అనుమానితులు నాలుగు.

మొదటిది అంచున కొరికినట్టు చంద్రవంక తునక పోయిన నాణెం. రేకులోంచి బిళ్ళలు కోసేటప్పుడు పాత కోత మీద కొత్త కోత పడితే ఇలా వస్తుంది. తర్వాత ఎవరైనా కత్తిరించినా ఇలాగే ఉంటుంది. తేడా ఎక్కడ పట్టుకోవాలంటే, తునక పోయిన చోటుకి సరిగ్గా ఎదుటి అంచు చూడాలి. టంకశాలలో పుట్టిన లోపమైతే అక్కడి అంచు గట్టు కూడా పలచబడి ఉంటుంది. అంచు ఎత్తే యంత్రంలో ఒక వైపు ఒత్తడానికి లోహం లేకపోతే ఎదుటి వైపు కూడా ఒత్తిడి పడదు. నాది ఎదుటి అంచు నిక్షేపంలా ఉంది. ఎవరో పనిగట్టుకుని కత్తిరించారు.

రెండోది తేదీ అంకెలు జంటగా కనిపించేది. అచ్చులోనే బొమ్మ రెండుసార్లు పడితే జంట అంకెలు రెండూ గుండ్రంగా, నిండుగా, మూలల్లో చీలికతో ఉంటాయి. అమెరికా 1955 సెంటు ఆ రకంగా పేరు మోసింది. నాది మాత్రం అంకె పక్కన చదునుగా మెట్టులా నొక్కుకుపోయింది. కొట్టేటప్పుడు అచ్చు కొంచెం జారిందంతే. అదనపు విలువ ఏమీ లేదు.

మూడోది మాత్రం నా నిద్ర చెడగొట్టింది. 1943 అమెరికా సెంటు, రాగి రంగు! యుద్ధానికి రాగి కావలసి వచ్చి ఆ ఏడు సెంట్లన్నీ జింకు పూసిన ఉక్కుతో కొట్టారు, వంద కోట్ల పైచిలుకు. పొరపాటున పాత కంచు బిళ్ళలు కొన్ని యంత్రంలో ఉండిపోయి, అతి కొద్ది మాత్రం కంచువి పుట్టాయి. అవి ఇల్లు కొనిపెట్టే నాణేలు. ఇది మూడో రోజున నా చేతికి రాలేదు, పట్టికలో ఆఖర్న ఎక్కింది. అయస్కాంతం దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు నా చెయ్యి నిజంగానే వణికింది. అరంగుళం దూరం నుంచే ఎగిరి అతుక్కుంది. 2.70 గ్రాములు. ఉక్కు మీద రాగి పూత. కంచుదైతే 3.11 ఉండేది. అతుక్కోకపోయినా పని అయిపోయేది కాదు. 1948 నాణెంలో 8ని గీకి 3 చేసేవాళ్ళున్నారు, అంకె ఆకారం అక్కడ చూడాలి.

నాలుగోది తలకిందులు బొరుసు. నాణేన్ని నిలువునా తిప్పితే బొమ్మ నిటారుగా రావాలా, అడ్డంగా తిప్పితే రావాలా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాది ఒక రకం, బ్రిటన్‌ది ఇంకో రకం. నాది అమెరికాదే. అంతే, వింతేం లేదు.

పదిహేనో రోజు

ఓ పొరపాటు. థేలర్, రోమన్ బిళ్ళ ఫోటోలు అందరికీ కనపడేలా పెట్టాను, ఎవరైనా గుర్తుపడతారని. గంట తిరక్కముందే ఒకాయన ఒక్కోదానికీ నమ్మలేనంత మొత్తం ఇస్తానన్నాడు. కళ్ళు మూసుకుని కొనేస్తాడట. అయితే ముందు నేను నమోదు రుసుము కట్టాలి, తర్వాత పన్ను, తర్వాత బీమా. కొనేవాడు డబ్బు ఇవ్వాలి గానీ అమ్మేవాడి దగ్గర తీసుకోవడమేమిటి? కనీసం బరువెంతో కూడా అడగలేదు. నిజంగా కొనేవాడు అడిగే మొదటి మాట అదే.

పదిహేడో రోజు

నాణెం ఎంత అరిగిందో బట్టి ధర మారుతుంది. అదీ కొద్దిగా కాదు, ఒకే నాణెం పది రెట్లు, వంద రెట్లు తేడాతో అమ్ముడవుతుంది. ఈ అరుగుదలని 1 నుంచి 70 దాకా అంకెల్లో చెబుతారు. 1949లో విలియం షెల్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాత అమెరికా పెద్ద సెంట్ల కోసం పెట్టిన కొలత. 1 అంటే ఏ నాణెమో గుర్తుపట్టగలిగేంత మిగిలింది, 70 అంటే భూతద్దంలో కూడా మచ్చలేనిది. ముందు అరిగేవి ఎత్తైన చోట్లు: బుగ్గ ఎముక, చెవి పైన జుట్టు, డేగ రొమ్ము ఈకలు. దీపాన్ని పక్కకి పెట్టి నాణేన్ని మెల్లగా తిప్పితే కొత్తదాని మీద కాంతి గిరగిరా తిరుగుతుంది. అరిగినదాని మీద తిరగదు. రుద్దినదాని మీద గజిబిజిగా మెరుస్తుంది, నా రూపాయిలాగా.

సీలు చేసిన పెట్టెలో అంకె వేసి ఇచ్చే సంస్థలున్నాయి. వాటి రుసుము, రానుపోను బీమా కలిపితే నా డబ్బాలో చాలావాటి విలువ కంటే ఎక్కువ. ఆ ఊసు వదిలేశాను.

ధరలు చూసేటప్పుడు ఒక్కటే పట్టుకున్నాను: అమ్మేవాడు అడిగే ధర కాదు, అమ్ముడైన ధర. అడగడానికేం, ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. వేలం సంస్థలు పాత ఫలితాలు దాచి ఉంచుతాయి, అక్కడ చూడాలి.

పంతొమ్మిదో రోజు

పట్టిక దాదాపు నిండింది. చివరిగా ఖాళీలు పూడ్చడం. తేదీ గడిలో "తెలీదు" అని ఉన్నవి మూడు. ఒకటి పూర్తిగా అరిగిన రాగి బిళ్ళ, దేశమే తెలియదు. రెండోది మకిలి పట్టింది. దాన్ని అసిటోన్‌లో నానబెట్టి తీస్తే, రుద్దకుండానే, తేదీ బయటపడింది. జిడ్డు కరుగుతుంది గానీ లోహాన్ని ముట్టుకోదు అసిటోన్. కిటికీలు తీసి, మంట దూరంగా ఉంచి చేయాలి.

మూడోది బ్రిటన్ ఇరవై పెన్నీల నాణెం. ఏడు మూలలు, 5.00 గ్రాములు, కొత్తగానే ఉంది. చిల్లర కుప్పలో అన్నిటికంటే నీరసంగా కనిపించే నాణెం. బొరుసు వైపు రాజచిహ్నపు డాలులో ఒక ముక్క. అక్కడ తేదీ లేదు. మంచిది, బొమ్మ వైపు ఉండాలి. తిప్పాను. రాణి ఎలిజబెత్, చుట్టూ అక్షరాలు. లేదు. మళ్ళీ తిప్పాను. నాలుగుసార్లు తిప్పి, కళ్ళజోడు తుడుచుకుని అయిదోసారి తిప్పాను.

2008లో బ్రిటన్‌లో ఒకటి నుంచి యాభై పెన్నీల దాకా నాణేల బొరుసులన్నీ మార్చారు. ఒక్కో నాణెం మీద డాలులో ఒక్కో ముక్క, అన్నీ పేరిస్తే మొత్తం డాలు. అంతవరకు ఇరవై పెన్నీలకి తేదీ బొరుసు మీద ఉండేది. కొత్త బొరుసులో చోటు లేక బొమ్మ వైపుకి జరిపారు. కొన్ని మాత్రం కొత్త బొరుసు అచ్చుకి పాత బొమ్మ అచ్చు తగిలించి కొట్టేశారు. తేదీ రెండు వైపులా లేకుండా పోయింది. తేదీ లేని నాణెం బ్రిటన్‌లో చలామణీలోకి రావడం మూడు వందల ఏళ్ళలో అదే మొదటిసారట.

ఈసారి గంతులేయలేదు. గినీ, చైనా డాలరు, సెంటు నేర్పిన పాఠాలు వరుసగా గుర్తు చేసుకున్నాను. అయస్కాంతానికి అతుక్కోదు. బరువు, వ్యాసం సరిగ్గా కలిశాయి. తేదీని ఎవరైనా గీకేసి ఉంటారా? కొత్త బొమ్మ మీద తేదీ ఉండాల్సిన చోట దీపం ఏటవాలుగా పెట్టి చూశాను. పైపొర మిగతా చోటులాగే నున్నగా ఉంది, గీత లేదు, పల్లం లేదు. పైగా అక్షరాల అమరికే వేరు. ఇందులో అక్షరాలు పాత పద్ధతిలో చుట్టూ పరుచుకుని ఉన్నాయి, తేదీకి చోటు వదల్లేదు. గీకితే చోటు మిగులుతుంది కదా. పక్కన 2010 నాటి మామూలు ఇరవై పెన్నీల నాణెం పెట్టి పోల్చాను. అది కూడా డబ్బాలోదే.

అమ్ముడైన ధరలు చూశాను. ముఖవిలువకి వందల రెట్లు. మేడలు కట్టేంత కాదు. కానీ వెండివి పదకొండూ ఒక పక్కన పెడితే, డబ్బాలో మిగతావన్నీ కలిపినా దీనికి సరితూగవు.

మావయ్యకి ఫోన్ చేశాను.

"మావయ్యా, ఇరవై పెన్నీలది ఒకటుంది చూడు, దాని మీద తేదీ లేదు. నీకు గుర్తుందా, ఎక్కడ వచ్చిందో?"

"తేదీ లేదా? అయితే చెల్లదేమోలే, పక్కన పెట్టు. ఆ థేలర్ సంగతేంటి?"

పదినిమిషాలు పట్టింది నచ్చజెప్పడానికి. చివరికి అన్నాడు, ఓడ దిగే ముందు ఆఖరి ప్రయాణంలో, కూల్‌డ్రింకుల యంత్రంలో ఆ బిళ్ళ వేస్తే రెండుసార్లు వెనక్కి కక్కిందట. విసుగొచ్చి జేబులో వేసుకున్నాడట. యంత్రం ఎందుకు కక్కిందో నాకు అంతుపట్టలేదు, బరువూ లోహమూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి మరి.

"అమ్మేస్తావా?" అన్నాను.

"రోమన్‌ది ఎవరికో చూపిస్తానన్నావుగా, ముందది కానివ్వు" అన్నాడు.

ఇరవై పెన్నీల దాన్ని పీవీసీ లేని కవర్లో పెట్టాను. మెత్తటి పీవీసీ కవర్లు ఏళ్ళు గడిచేకొద్దీ ఆకుపచ్చని జిగురు కక్కి నాణేన్ని తినేస్తాయి. పట్టిక తెరిచి, దాని వరుసలో తేదీ గడిలో ఉన్న "తెలీదు" చెరిపేసి, "లేదు" అని రాశాను.